అయ్యవారి కానుక - బడి సామగ్రి: తుర్కయాంజాల్ సీమను గూర్చి ఒక పరిశీలనము

ఒక గ్రామమునకు క్రొత్తగా ఉపాధ్యాయుడు వచ్చినపుడు గ్రామస్థులు అతని చేతిలో నేమి యుంచిరి, అతడు తన వెంట నేమి తెచ్చుకొనెను అను ప్రశ్న చూచుటకు చిన్నది. మన విద్యాచరిత్రకారులు రాజశాసనములను, విశ్వవిద్యాలయములను, పాఠ్యప్రణాళికలను విచారించిరి. ఇసుకను, బలపమును, కడితమును, సుద్దముక్కను విచారించినవారు తక్కువ. అయినను బడి సాగుటకు మొదట కావలసినవి ఇవియే. వీనిని ఎవరు తెచ్చిరి, వీనికి వెల ఎవరిచ్చిరి అను విషయము తెలిసినగాని ఉపాధ్యాయునకును సంఘమునకును గల సంబంధము మనకు స్పష్టము కాదు. ఆ సంబంధమును అయ్యవారికి అందిన కానుకల మూలమునను, బడిలో వాడిన సామగ్రి మూలమునను పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఇందులకు మేము దృష్టియందుంచుకొన్న స్థలము తుర్కయాంజాల్. హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు రాజమార్గముపై ఇబ్రహీంపట్నమునకు ఇవతల నున్న ఊరు ఇది. దీనికి మాసబ్ చెరువు ఆదరువు. ఇబ్రహీంపట్నమునకు దాని పెద్దచెరువు ప్రసిద్ధి. నిజాముల కాలమున హైదరాబాదు చుట్టునున్న సీమలో పెద్దభాగము సర్ఫెఖాస్, అనగా నిజాము స్వంత వ్యయమునకై వేరుచేయబడిన భూమి. అది అత్రాఫెబల్దా అను పేర జిల్లాగా నుండి, 1949లో దివానీలో కలిసెను. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడెను. పిదప తుర్కయాంజాల్ పురపాలక సంఘమయ్యెను. ఊరిపేరులోని ‘తుర్క’ శబ్దము ముస్లిములను తెల్పుటకు తెలుగువారు వాడుకొన్న మాట. రెండు లిపులు, రెండు అక్షరారంభ సంప్రదాయములు ప్రక్కప్రక్కన నడచిన సీమలో నున్న ఊరికి ఈ పేరు తగియున్నది. ఆ రెంటిని కలిపి చూచినగాని ఇచటి బడి చరిత్ర పూర్తి కాదు.

1. కానుకయే జీతము

ఉపాధ్యాయునకు వృత్తి కల్పించుట తెలుగునాట చాల ప్రాతయాచారము. కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో, వేయబడిన మల్కాపుర శాసనము ఇందులకు ప్రసిద్ధమైన సాక్ష్యము. కృష్ణాతీరమున మందడమునకు చేరువను గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వరశివాచార్యుడు నెలకొల్పిన ధర్మసంస్థలో వేదములు చెప్పువారికిని, వ్యాకరణ, తర్క, సాహిత్య, ఆగమములు చెప్పువారికిని, వైద్యునకును, లెక్కలు వ్రాయు కాయస్థునకును భూములేర్పాటు చేయబడెను. ఇచట మనము గమనింపవలసిన దేమన, ఈ దానము ఒకనాటి బహుమానము కాదు. ఏటేట పండి అధ్యాపకుని కుటుంబమును పోషించు నేల అది. ఇచ్చినవారు రాజకుటుంబమువారు, పుచ్చుకొన్నవారు శాస్త్రపండితులు.

ఊరి పిల్లలకు ఓనమాలు నేర్పు అయ్యవారికి ఇట్టి శాసనము లేదు. అతనికి దొరకినది కానుక. ఆ కానుక ఎట్లుండెనో తెలుపు సాక్ష్యము పందొమ్మిదవ శతాబ్దపు ఆదిని మనకు లభించుచున్నది. మదరాసు గవర్నరైన సర్ తామస్ మన్రో 1822 జూన్ 25వ తేదీన దేశీయపాఠశాలల లెక్కలు పంపుడని కలెక్టర్లను కోరెను. వచ్చిన నివేదికలలో బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న వ్రాసినది మిక్కిలి విలువైనది. ఇతడు తెలుగు నేర్చి వ్యాకరణము రచించినవాడు గనుక బడిలోనికి తొంగిచూచుటకు అతనికి భాష అడ్డు రాలేదు. అతని జిల్లాలో 533 బడులుండెను. అందు కన్నడబడులు 235, తెలుగుబడులు 226. చదువుకొను పిల్లలు 6,641 మంది. జిల్లా జనసంఖ్య 9,27,857.

క్యాంబెల్ వర్ణించిన అక్షరాభ్యాసము చూడదగినది. బిడ్డకు ఐదేండ్లు వచ్చినపుడు తలిదండ్రులు అయ్యవారిని, బడిపిల్లల నందఱను తమ యింటికి పిలుతురు. విఘ్నేశ్వరుని ప్రతిమ చుట్టును అందఱు కూర్చుందురు. క్రొత్తబిడ్డను దేవునికెదురుగా కూర్చుండబెట్టుదురు. అయ్యవారు ప్రక్కన కూర్చుండి, ధూపమువేసి, నైవేద్యము పెట్టి, బుద్ధినిమ్మని బిడ్డచేత ప్రార్థన చేయించును. పిదప బిడ్డ వ్రేలు పట్టుకొని బియ్యములో దేవతానామమును వ్రాయించును. అంతట తలిదండ్రులు తమ శక్తికొలది కానుకనిచ్చి ఆయనను పంపుదురు. మఱునాటినుండి బిడ్డ బడికి పోవును.

ఈ వర్ణనమున రెండు విషయములు మాకు ముఖ్యములుగా తోచుచున్నవి. మొదటిది, కానుక బడిలో గాక యింటిలో, బడిపిల్లలందఱి యెదుట, ఇయ్యబడినది. క్రొత్తబిడ్డ ఒక గురువును మాత్రమే గాక ఒక సహపాఠి సమూహమును కూడ పొందుచున్నాడు. రెండవది, కానుకకు పరిమాణము ‘శక్తికొలది’. ధనికుని శక్తి వేఱు, పేదవాని శక్తి వేఱు. ఈ రెంటి సగటుమీద అయ్యవారి సంసారము నడువవలెను.

హైదరాబాదు సీమలో ముస్లిముల యిండ్ల జరుగు బిస్మిల్లా వేడుక దీనికి సమాంతరము. బిడ్డకు నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములు నిండినపుడు ఉస్తాదు బిడ్డచేత భగవన్నామముతో తొలి పాఠము పలికించును. మిఠాయి పంచిపెట్టుదురు. ఉస్తాదునకు శక్తికొలది వస్త్రమో ద్రవ్యమో సమర్పింతురు. మతము వేఱు, భాష వేఱు. అక్షరమును ఇంటివేడుకగా ప్రారంభించుట, నేర్పువానిని వట్టిచేతులతో పంపకుండుట రెంటను సమానములు.

అక్షరాభ్యాసపు కానుక గాక, అయ్యవారికి ఏడాది పొడుగున చిన్నచిన్న ఆదాయము లుండెను. నెలజీతము కొంత రొక్కము, కొంత ధాన్యము. పండుగలకు స్వయంపాకము, అనగా బియ్యము, పప్పు, కూరగాయలు, నెయ్యి. గ్రంథము ముగిసినపుడు బట్టలు. దసరా నవరాత్రులలో పిల్లలు విల్లమ్ములు పట్టుకొని, పద్యములు పాడుచు, అయ్యవారి వెంట ఇల్లిల్లు తిరిగెడివారు. గృహస్థులు అయ్యవారికి రొక్కమును, పిల్లలకు పప్పుబెల్లములను ఇచ్చెడివారు. ఇది వేడుకయే, కాని అయ్యవారి లెక్కలో ఇది ఏటికొక్కసారి చేతికివచ్చు పెద్ద మొత్తము. అది రాని యేడు అప్పు తప్పదు.

ఈ ఆదాయము లన్నియు కలిపినను ఎంత? మన్రో 1826 మార్చి 10వ తేదీ లేఖ్యములో రాజధానియందు 12,498 బడులున్నవనియు, ఉపాధ్యాయులకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదనియు, అంతమాత్రపు రాబడికి తగిన యోగ్యతగలవారు ఈ వృత్తికి రారనియు వ్రాసెను. అందుచేత తాలూకా పాఠశాలల ఉపాధ్యాయునకు నెలకు 9 రూపాయలు, జిల్లా పాఠశాలల ఉపాధ్యాయునకు 15 రూపాయలు ప్రభుత్వజీతముగా నీయవలెనని సూచించెను. అయితే ఈ తొమ్మిది రూపాయలే అతని సర్వస్వమని మన్రో తలంపలేదు. పిల్లలనుండి ఇంచుమించు మఱియంత వచ్చుననియు, రెండును కలిసినచో అతని స్థితి స్కాట్లండులోని గ్రామోపాధ్యాయుని స్థితికంటె మేలుగా నుండుననియు అతని గణన. అనగా ప్రభుత్వము జీతమిచ్చుటకు పూనుకొన్న తొలినాడే, కానుకను జీతములో భాగముగా లెక్కించుట జరిగినది. ఈ అంశమును మేము మఱల ప్రస్తావింపగలము.

2. ఇసుక, పలక, కడితము, బలపము

కానుక ఇంత స్వల్పమైనను బడి నడచుటకు కారణ మేమి? బడి సామగ్రికి వెల లేకపోవుటయే కారణమని మా యభిప్రాయము.

మొదటి సాధనము ఇసుక. నేలమీద పలుచగా పఱచిన ఇసుకలో అయ్యవారు అక్షరము వ్రాయును. బిడ్డ దానిపై వ్రేలుపెట్టి మఱల మఱల త్రిప్పును. మన భాషలో అక్షరములను ‘నేర్చుట’ అని గాక ‘దిద్దుట’ అని వ్యవహారముండుటకు ఈ పద్ధతియే మూలము. దిద్దుట యనగా ఉన్నదానిపై మఱల త్రిప్పి సరిచేయుట. ఇసుక మఱుగైపోయినను మాటలో ఆ వ్రేలిగుర్తు నిలిచియున్నది. ‘ఓనమాలు’ అను మాటయు అట్టిదే. శివునికిని సిద్ధులకును నమస్కరించు తొలిపాఠములోని మొదటి శబ్దములు కలిసిపోయి, వర్ణమాలకే పేరైనవి.

రెండవ సాధనము పలక. నేడు పలక యనగా రాతిపలకయే స్ఫురించును. క్యాంబెల్ చూచిన పలక చెక్క. ఇంచుమించు అడుగు వెడల్పు, మూడడుగుల పొడవు గల బల్లను చిత్రికపట్టి నునుపుచేసి, అన్నము, బొగ్గుపొడి కలిపి పూసినచో వ్రాతకు సిద్ధమగును. పలక శబ్దమునకు చెక్క, బల్ల అను అర్థమే మొదటిది. వస్తువు చెక్కనుండి రాతికి మారినను పేరు మారలేదు.

మూడవది కడితము. గుడ్డకు గంజిపెట్టి బిఱుసు చేసి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురులను కలిపిన లేపనము పూసి సిద్ధము చేసెడివారు. వ్రాసినదానిని తడిగుడ్డతో తుడిచి మఱల వ్రాయవచ్చును. వర్తకుల లెక్కలకు, కరణముల పద్దులకు కూడ కడితము ఉపయోగపడెను. కావున బడిలో కడితముపై చేయి తిరిగిన పిల్లవాడు అంగడిలో గుమాస్తాగా కూర్చుండుటకు క్రొత్తగా నేర్చుకొనవలసిన పరికర మేదియు లేకుండెను.

ఈ రెంటిపై వ్రాయుటకు బలపము. తెల్లని మెత్తని రాయినుండి కోసిన పుల్ల ఇది. సుద్దకంటె కొంచెము గట్టి. కడపట తాటియాకు, గంటము. ఆకుపై వ్రాసినది చెరుపరాదు గనుక చేయి కుదిరిన పిల్లవానికే అది దక్కెను. తాటిచెట్టు ఊరిలోనిది, ఇసుక వాగులోనిది, బొగ్గు పొయ్యిలోనిది, అన్నము ఇంటిది. రొక్కమిచ్చి కొనవలసినవి గంటము, బలపము మాత్రమే. అందుచేత క్రొత్త అయ్యవారు ఒక ఊరికి వచ్చినచో, మఱునాడే రావిచెట్టు క్రిందనో, గుడిమండపముననో, ఒక గృహస్థుని యరుగుమీదనో బడి పెట్టగలిగెను. అతనికి గావలసినది పిల్లలు, నీడ, కొంచెము ఇసుక.

ఈ పద్ధతిలోని పొదుపును క్యాంబెల్ మెచ్చుకొనెను. పైతరగతి పిల్లలు క్రిందితరగతివారికి నేర్పుటను గూడ మెచ్చి, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియేయున్నదని వ్రాసెను. అతడు స్మరించినది ఆండ్రూ బెల్ చరిత్రను. మదరాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర ఆశ్రమమునకు అధికారిగా నుండిన బెల్, దేశీయబడిలో పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టెను. ఉపాధ్యాయులు అంగీకరింపకపోగా పిల్లలచేతనే పిల్లలకు చెప్పించెను. 1797లో లండనులో దీనిని గూర్చి పుస్తకము ప్రకటించెను. ‘మదరాసు పద్ధతి’ అను పేర అది ఇంగ్లండు బడులలో వ్యాపించెను. మన వీధిబడి ఇసుక ఇట్లు సముద్రము దాటినది.

అయినను ఈ బడిని బంగారుకాలముగా చిత్రించుట న్యాయము కాదు. పిల్లలు కావ్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారని క్యాంబెల్ వ్రాసెను. తొమ్మిదిలక్షలకు పైబడిన జనములో ఏడువేల మంది పిల్లలైనను బడిలో లేకపోవుట ఆయనను కలతపెట్టినది. దేశము క్రమముగా పేదబడుటయే విద్యాక్షీణతకు కారణమని, తాను కంపెనీ యధికారియై యుండియు, నిస్సంకోచముగా చెప్పెను. కానుక ‘శక్తికొలది’ యైనపుడు, శక్తి తగ్గినచో కానుక తగ్గును; కానుక తగ్గినచో అయ్యవారు ఊరు విడుచును. సామగ్రికి వెల లేకున్నను అయ్యవారి ఆకలికి వెల కలదు. వీధిబడి బలహీనత యంతయు ఈ వాక్యములో నున్నది. ఇక బాలికలు, అంటరానివారని దూరముంచబడిన కులముల పిల్లలు ఆ యరుగులమీదికి మిక్కిలి అరుదుగా రానీయబడిరి. ఇసుకకు వెల లేదు గాని, దానిముందు కూర్చుండుటకు అందఱికి హక్కు లేకుండెను.

3. ఖానిగీబడి, తఖ్తీ, సర్కారుబడి

తెలంగాణమున వీధిబడికి ‘ఖానిగీబడి’ అని పేరు. ‘ఖానగీ’ అనగా ఇంటికి సంబంధించినది, ప్రభుత్వముది కానిది. ఈ బడులలో చాలచోట్ల సాతాని అయ్యవార్లు చదువు చెప్పిరి. వర్ణమాల, గుణింతములు, ఎక్కములు, శతకములు, పిదప పెద్దబాలశిక్ష. పుదూరు సీతారామశాస్త్రి 1832లో రచించిన బాలశిక్ష క్రమముగా పెరిగి పెద్దబాలశిక్ష యయ్యెను. అయ్యవారివద్ద ఒక్క ప్రతి యున్నచో బడికంతకు గ్రంథాలయమున్నట్లే.

ఉర్దూబడిలో పరికరము తఖ్తీ. ఇదియు చెక్కపలకయే, కాని మన పలకకు తలక్రిందు. తెలుగు పలక నల్లనిది, వ్రాత తెల్లనిది. తఖ్తీకి తెల్లమట్టి పూసి ఆరబెట్టి, రెల్లుకలమును సిరాలో ముంచి నల్లగా వ్రాయుదురు. సాయంకాలము కడిగి మఱల మట్టి పూయుదురు. కలమును వాటముగా చెక్కుట ఉస్తాదు నేర్పు మొదటి విద్యలలో నొకటి. పరికరములు వేఱైనను వీని ధర్మములు మూడు సమానములు: చెఱపవచ్చును, ఇంటనే మరమ్మతు చేసికొనవచ్చును, ప్రతిబిడ్డ చేతిలోను ఒకటి యుండును.

హైదరాబాదు రాజ్యమున ఆధునికవిద్య 1854లో సాలార్జంగు స్థాపించిన దారుల్ ఉలూముతో మొదలయ్యెనని చెప్పుట పరిపాటి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో వెలసెను. దేశభాషలో ఉన్నతవిద్య చెప్పుట గొప్ప ప్రయోగమే. కాని తెలుగు బిడ్డకు అది తన యింటి భాష కాదు. 1920ల నడుమ ఖానిగీబడులకు ముందుగా అనుమతి పొందవలెనను నిబంధనలు వచ్చినవి. అరుగుమీది అయ్యవారికి దరఖాస్తు వ్రాయుట, తనిఖీ అధికారిని మెప్పించుట ఇసుక పఱచుటంత సులభము కాదు. చాలబడులు మూతపడెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతను జరిగిన మొదటి ఆంధ్రమహాసభ మొదలుకొని, ఖానిగీబడులపై నిబంధనలు తొలగింపవలెననియు, మాతృభాషలో విద్య చెప్పవలెననియు తెలంగాణ ప్రజానాయకులు కోరుచు వచ్చిరి. ఆ కోరికను కేవలము భాషాభిమానముగా భావింపరాదు. ఊరు తన కానుకతో తాను పోషించుకొన్న ఉపాధ్యాయుని ఊరికే విడిచిపెట్టుమను కోరిక అది.

4. అంగడి సరుకు బడిలోనికి వచ్చుట

1948 తరువాత ఊరూర సర్కారుబడి వచ్చెను. ఉపాధ్యాయునకు నెలజీతము ఖజానానుండి వచ్చుచుండెను. 1959 నాటి చట్టమున ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడగా గ్రామపాఠశాలలు వాని యధీనమునకు వచ్చినవి. అయ్యవారు ‘సారు’ అయ్యెను. దసరా ఊరేగింపు మఱుగుపడెను. ఉపాధ్యాయుడు కానుకకై చేయి చాపనక్కఱలేని రోజు వచ్చుట చరిత్రలో గొప్ప మేలు. దీనిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు.

కాని ఇదే కాలమున బడి సామగ్రియు మారెను. చెక్కపలక పోయి, నల్లమల యంచున మార్కాపురము గనులలో తీసిన రాయిని కోసి చట్రము బిగించిన పలక వచ్చినది. ఇసుకకు బదులు నోటుబుక్కు, గంటమునకు బదులు పెన్సిలు వచ్చినవి. గోడకు నల్లబల్ల వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దారంభమున ఎడింబరోలో జేమ్స్ పిలన్స్ అను ఉపాధ్యాయుడు పెద్ద నల్లబల్లపై రంగుసుద్దలతో పటములు గీచి భూగోళము చెప్పెనని ప్రసిద్ధి. ప్రతిబిడ్డ చేతనున్న పలకనే పెద్దదిచేసి గోడకు తగిలించినట్లు అయినది. ఈ మార్పుతో తరగతి చూపు బిడ్డచేతినుండి ఉపాధ్యాయుని చేతికి మఱలెను. దానితోపాటు ఖర్చుకూడ అతనివైపు మఱలెను. పలక పగిలినచో తండ్రి కొనును. సుద్దముక్క అయిపోయినచో ఎవరు కొనవలెను?

వీధిబడిలో ఈ ప్రశ్న పుట్టలేదు, ఏలయన సామగ్రి ఊరినుండి వచ్చెను. సర్కారుబడిలో జీతము ఉపాధ్యాయునిది, భవనము ప్రభుత్వముది, పుస్తకము పిల్లవానిది. ప్రతిదినము అరిగిపోవు సుద్ద, చిరిగిపోవు పటము, ఎండిపోవు సిరా ఎవరివియు కావు. క్రొత్త ఉపాధ్యాయుడు తొలినెల జీతము రాకముందే తన జేబునుండి సుద్దపెట్టె కొనుట ఈ సందులోనుండి పుట్టిన ఆచారము.

ఈ కొఱతను ప్రభుత్వములు గుర్తింపకపోలేదు. 1986 నాటి జాతీయ విద్యావిధానమును అనుసరించి 1987లో ప్రారంభమైన ‘నల్లబల్ల పథకము’ పేరునందే సామగ్రిని ముందుంచినది. ప్రతి ప్రాథమికపాఠశాలకు ఎండవానలకు ఆగు రెండు పెద్దగదులు, కనీసము ఇద్దఱు ఉపాధ్యాయులు, అందొకరు వీలైనంతవఱకు స్త్రీ, మఱియు అవసరమైన బోధనసామగ్రి ఉండవలెనని దాని సంకల్పము. నల్లబల్లలు, దేశపటములు, గ్లోబు, విజ్ఞానశాస్త్రపు పెట్టె, గణితపు పెట్టె, ఆటవస్తువులు, చిన్నగ్రంథాలయము, డోలు మొదలగు సంగీతవాద్యములు అందులో చేరినవి. ఏకోపాధ్యాయ పాఠశాలకు రెండవ ఉపాధ్యాయుని ఇచ్చుట దీని మేలులలో ముఖ్యము.

అయితే పెట్టెలు చేరినంత సులభముగా తెఱువబడలేదు. దీనికి ఉపాధ్యాయుల సోమరితనమే కారణమని నిందించుట తేలిక. కారణము పద్దుపుస్తకమున నున్నదని మాకు తోచుచున్నది. ప్రభుత్వపు వస్తువు రిజిష్టరులో ఎక్కును. బదిలీ అయిన ఉపాధ్యాయుడు క్రొత్తవానికి దానిని లెక్కచూపి అప్పగింపవలెను. గ్లోబు పగిలినచో సమాధానము చెప్పవలసినవాడు అతడే. పిల్లలచేతికిచ్చిన వస్తువు అరుగును, పగులును. తాళమువేసిన వస్తువు లెక్కకు సరిపోవును. ఇసుక పద్దులో ఎక్కలేదు గనుకనే పిల్లల వ్రేళ్లకు దొరకినది.

ఈ పాఠమును తరువాతి పథకములు కొంతవఱకు గ్రహించినవి. 1980లలో బ్రిటిషు సహాయముతో సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమికవిద్యాపథకము, ఉపాధ్యాయులు కేంద్రములలో కలిసికొని, చుట్టుపట్ల దొరకు చవుకవస్తువులతో బోధనోపకరణములు చేసికొనుటను ప్రోత్సహించినది. 1990లలోని జిల్లా ప్రాథమికవిద్యాపథకము, దాని వెంట వచ్చిన సర్వశిక్షా అభియాన్, ఒక్కొక్క ఉపాధ్యాయునకు ఏటికి 500 రూపాయలు ఉపకరణములకై చేతికిచ్చినవి. మొత్తము స్వల్పమే. కాని ఏమి కొనవలెనను నిర్ణయము ఉపాధ్యాయునికే విడుచుట, ఖర్చయిపోవు వస్తువునకు డబ్బిచ్చుట, ఈ రెండును అందలి విశేషములు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రతితరగతికి బోధనసామగ్రి, ప్రతిపాఠశాలకు గ్రంథాలయము, ఆటవస్తువులు ఉండితీరవలెనని అనుబంధమున చేర్చినది. 2018లో సమగ్రశిక్ష వచ్చినపుడు పాఠశాలకు విద్యార్థిసంఖ్యను బట్టి 25,000 రూపాయలనుండి లక్షరూపాయలవఱకు సమష్టినిధి ఏర్పడినది. 2022 మార్చి 8న వనపర్తిలో ఆరంభమైన ‘మన ఊరు మన బడి’ పథకమున పండ్రెండు అంశము లుండెను. అందు బల్లలు, ఆకుపచ్చని సుద్దబల్లలు చేరినవి. కడితముమీది నలుపు గోడనెక్కి, నేడు ఆకుపచ్చనైనది.

5. క్రొత్త ఉపాధ్యాయునకు ఏది తగిన కానుక?

2024 అక్టోబరు 9న హైదరాబాదులోని ఎల్.బి. స్టేడియమున పదివేలకు పైబడిన క్రొత్త ఉపాధ్యాయులకు నియామకపత్రము లీయబడెను. ఇందఱు ఒక్కసారిగా తెలంగాణపు బడులలో అడుగుపెట్టిరి. ఇట్టి సందర్భములందు బంధువులు, మిత్రులు, గ్రామపెద్దలు ఏదైన ఇయ్యదలచుట సహజము. 1962నుండి సెప్టెంబరు 5వ తేదీ, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జన్మదినము, ఉపాధ్యాయదినముగా జరుపబడుచున్నది. ఆనాడు శాలువలు, పూలమాలలు, జ్ఞాపికలు, కలములు సమర్పింపబడును. గౌరవము చూపుట మంచిదే. కాని శాలువ బీరువాలో చేరును, జ్ఞాపిక గోడకెక్కును, మఱునాడు తరగతిలో సుద్ద మఱల కొఱతయే.

పైన చూచిన చరిత్రనుండి మేము మూడు పరీక్షలను తీయుచున్నాము. మొదటిది, మంచి కానుక వాడుకలో ఖర్చగునది కావలెను. లెక్కకు భయపడి దాచునది కారాదు. రెండవది, ఊరిలోనే బాగుచేసికొనుటకో మఱల సంపాదించుకొనుటకో వీలుండవలెను. మూడవది, ఉపాధ్యాయుని చేతినుండి అది బిడ్డచేతికి పోవునదై యుండవలెను. ఇసుకయు, కడితమును, తఖ్తీయు ఈ మూడు పరీక్షలలో నెగ్గినవి. తాళమువేసిన పెట్టె ఓడినది.

ఈ పరీక్షలను బట్టి చూచినచో, ఏడాదికి సరిపోవు సుద్దపెట్టెలు, మంచి తుడుపుగుడ్డలు మొదటివి. పలక మఱచివచ్చిన బిడ్డకు, కొనలేని బిడ్డకు ఇచ్చుటకు పది పలకలు, బలపములు, పెన్సిళ్లు, వానిని చెక్కు మరలు రెండవవి. పుస్తకము లేదని ఒక బిడ్డ వెనుకబల్లకు పోకుండ కాపాడునవి ఇవియే. కత్తెర, జిగురు, అట్టలు, రంగుకాగితములు మూడవవి. వీనితో ఉపాధ్యాయుడు తన పాఠమునకు తగిన పటమును తానే చేసికొనును. పిల్లలు చదువదగిన చిన్న తెలుగుకథల పుస్తకములు ఇరువది ముప్పది, చింపినను ఫరవాలేదను మాటతో ఇచ్చినచో, అవి బీరువాలో నున్న నూఱు పుస్తకములకంటె మేలు. గింజలు, గవ్వలు, పుల్లలు వెలలేనివి. లెక్కలు చెప్పుటకు వానికి సాటి లేదు. గాయమునకు మందు, కట్టుగుడ్డలు గల చిన్న పెట్టెయు, గోడగడియారమును ఎవరును తలంపనివి, ప్రతిదినము కావలసినవి.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. కానుక జీతములో భాగముగా లెక్కింపబడిన కాలములో అయ్యవారు ధనికుని బిడ్డను ముందు కూర్చుండబెట్టు ప్రలోభమునకు లోనయ్యెను. పేదతండ్రి పండుగ వచ్చినచో వెఱచెను. నేడు ప్రభుత్వోపాధ్యాయుని పోషణమునకు ఖజానా బాధ్యత వహించినది. 1964 నాటి ప్రవర్తనానియమములు ఉద్యోగులు కానుకలు స్వీకరించుటను కట్టుదిట్టము చేసినవి. ఇది అయ్యవారి గౌరవమునకు రక్షయే. కావున తన తరగతి బిడ్డల తలిదండ్రులనుండి వచ్చునది, పేరుపేరున గాక, బడికి, అందఱి పక్షమున, అందఱి యెదుట రావలెను. క్యాంబెల్ వర్ణించిన వేడుకలో బడిపిల్లలందఱు వలయముగా కూర్చుండిరని చూచితిమి. ఆ వలయమును నిలుపుకొని, ‘శక్తికొలది’ అను భారమును తొలగించినచో, ప్రాతయాచారములోని మేలు దక్కును, కీడు పోవును.

అట్లని దాతల కానుకయే చాలునని మేము చెప్పుటలేదు. నిత్యము అరుగు సామగ్రికి నిధి ఏటేట, బడి తెఱచు నాటికే, చేతికందునట్లు చేయుట ప్రభుత్వధర్మము. నెలల తరువాత వచ్చిన నిధి ఆ నెలలలో కూర్చున్న బిడ్డకు అందదు. మన్రో కానుకను జీతములో కలిపి లెక్కించినట్లు, నేటి వ్యవస్థ ఉపాధ్యాయుని జేబును బడినిధిలో కలిపి లెక్కించుట రెండువందల యేండ్ల తరువాత అదే పొరపాటు మఱల చేయుటయే.

తుర్కయాంజాల్ సీమ నేడు నగరములో కలియుచున్నది. పొలముల స్థానమున ఇండ్లస్థలములు వచ్చినవి. క్రొత్త యిండ్లవారి బిడ్డలు రుసుము కట్టు పాఠశాలల బస్సులలో రాజమార్గముమీద పోవుదురు. కూలికై వలసవచ్చినవారి బిడ్డలు సర్కారుబడిలో చేరుదురు. ఇట్టి బడికి వచ్చు క్రొత్త ఉపాధ్యాయుని యెదుట తెలుగు, ఉర్దూ మాత్రమేగాక ఇతరభాషలు మాట్లాడు పిల్లలు కూడ కూర్చుండవచ్చును. ఇచటివారి తాతలు అయ్యవారిని ఇంటికి పిలిచి బియ్యపుపళ్లెము ముందుంచిరి, ఉస్తాదును పిలిచి మిఠాయి పంచిరి. వారి మనుమలు బడికి ఒక సుద్దపెట్టెయు, పది పలకలును పంపుట ఆ సంప్రదాయమునకు అనుగుణమే. బిడ్డ వ్రేలు పట్టుకొని దిద్దించువాడు ఉపాధ్యాయుడు. దిద్దుటకు ఇసుకను సమకూర్చవలసినది ఊరు, ప్రభుత్వము.